పిల్లలతో పట్నం - రెండు రోజులు



పిల్లలు అడుగుతూ ఉంటారు. "అమ్మా, పట్నం ఎప్పుడు పోదాం? పులిని ఎప్పుడు చూద్దాం?" మనం "పోదాంలే" అంటాం. దసరా పోతుంది. సంక్రాంతి పోతుంది. ఎండాకాలం సెలవులు కూడా పోతాయి. ఆ "పోదాంలే" మాత్రం అట్లాగే ఉండిపోతుంది.

కొత్తగూడెం నుంచి హైదరాబాద్ దాదాపు 280 కిలోమీటర్లు. పోవాలంటే డబ్బు కావాలి. ఓపిక కావాలి. పిల్లలు భద్రంగా ఉండాలి. వీటికి ముందే ఏర్పాటు చేసుకుంటే శని, ఆదివారాల్లో పోయి రావచ్చు. ఎట్లాగో ఈ పాఠంలో చూద్దాం.

1. ఒక ఇంట్లో మాట

అది బొగ్గుబాయి కార్మికుని ఇల్లు. పాపకు ఏడేళ్లు. బాబుకు నాలుగేళ్లు. కోడలు సాయంత్రం బడిలో చదువు నేర్చుకుంది. అత్తకు చదువు రాదు.

కోడలు: అత్తమ్మా, వచ్చే రెండో శనివారం బడికి సెలవు. పిల్లలను పట్నం తీసుకపోదామా?

అత్త: పట్నమా! మావాడికి ఆదివారం ప్లేడే డ్యూటీ ఉందన్నడు గదనే. ఎవరు తీసుకపోతరు?

కోడలు: నేనే తీసుకపోత. నువ్వు గూడ రావాలె.

అత్త: ఇద్దరం ఆడోళ్లం. ఇద్దరు చిన్న పిల్లలు. మనకు దారి ఎవరు చెప్తరు?

కోడలు: మొన్న ఖమ్మంలో ఎవరు చెప్పిన్రు అత్తమ్మా? బస్సు బోర్డు చదువుకునే ఎక్కినం గదా.

అత్త: ఖమ్మం వేరు, పట్నం వేరు. ఆ జనంలో పిల్లోడు చెయ్యి విడిస్తే ఏడ దొరుకుతడు?

ఈ మాటకు కోడలు వెంటనే జవాబు చెప్పలేదు. అత్త భయంలో న్యాయం ఉంది. పట్నంలో జనం ఎక్కువ. చిన్న పిల్లలు నిమిషంలో కనిపించకుండా పోతారు. కోడలు నోటుపుస్తకం తెచ్చింది. "అత్తమ్మా, నీ భయాలన్నీ చెప్పు. ఒక్కొక్కటి రాస్త. అన్నిటికీ జవాబు దొరికితేనే పోదాం" అంది.

అత్త చెప్పింది. కోడలు రాసింది. దారి తప్పితే? డబ్బులు చాలకపోతే? పిల్లలకు వాంతులైతే? పిల్లవాడు తప్పిపోతే? మొత్తం నాలుగు ప్రశ్నలు వచ్చాయి. అవే మన పాఠం.

2. పిల్లల కాళ్లే కొలత

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. రెండు రోజుల్లో ఎన్ని చూడాలి?

హైదరాబాద్‌లో చూసేవి చాలా ఉన్నాయి. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, టాంక్‌బండ్. అంత దూరం పోయాం గనక అన్నీ చూడాలనిపిస్తుంది. కాని నాలుగేళ్ల పిల్లవాడు గంటసేపు నడిస్తే ఎత్తుకోమంటాడు. ఎండలో తిప్పితే ఏడుస్తాడు. ఆకలి ఆపుకోలేడు. మనం విసుక్కుంటాం. వీపు మీద ఒకటి వేస్తాం. అప్పుడు చూసిన చార్మినార్ వాడికి గుర్తుండదు. తిన్న దెబ్బ గుర్తుంటుంది.

అందుకే ఈ లెక్క పెట్టుకోండి. రోజుకు ఒక్క చోటు. అది కూడా పొద్దున పూట. మధ్యాహ్నం అన్నం, నిద్ర. సాయంత్రం ఓపిక ఉంటే దగ్గరలో ఒక పార్కు.

మొదటిసారి పోయేవాళ్లు ముందు దగ్గరలో అలవాటు చేసుకోవాలి. పాల్వంచ దగ్గర కిన్నెరసాని డ్యామ్ ఉంది. అక్కడ జింకల పార్కు ఉంది. ఒక ఆదివారం పిల్లలతో అక్కడికి పోయి రండి. పిల్లలు ఎంతసేపు నడుస్తారు? ఎప్పుడు ఆకలి అంటారు? బస్సులో వాంతి చేసుకుంటారా? ఇవన్నీ ఆ ఒక్క రోజులో తెలుస్తాయి.

3. నోటి పేరు, బోర్డు పేరు

ఇది అత్త మొదటి ప్రశ్న. దారి తప్పితే?

మన ఊరి సంగతే చూడండి. మనం కొత్తగూడెం స్టేషన్ అంటాం. స్టేషన్ బోర్డు మీద "భద్రాచలం రోడ్" అని ఉంటుంది. భద్రాచలం ఇక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. ఆ పేరు చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. మనకు అలవాటు గనక మనం పడం.

పట్నంలో కూడా అంతే. జనం నోట ఒక పేరు ఉంటుంది. బోర్డు మీద ఇంకో పేరు ఉంటుంది. జనం ఇమ్లీబన్ బస్టాండు అంటారు. బోర్డు మీద "మహాత్మా గాంధీ బస్ స్టేషన్" అని ఉంటుంది. జనం నాంపల్లి స్టేషన్ అంటారు. టికెట్ మీద "హైదరాబాద్" అని ఉంటుంది. రెండు పేర్లూ పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటే తికమక ఉండదు.

పట్నంలో పెద్ద రైలు స్టేషన్లు ఒకటి కాదు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఉన్నాయి. చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. కొన్ని బళ్లు అక్కడి నుంచి నడుస్తున్నాయి. మన బండి ఏ స్టేషన్‌లో ఆగుతుందో, ఏ స్టేషన్‌లో ఎక్కాలో ముందే తెలుసుకోవాలి. మన స్టేషన్‌లో "విచారణ" అని రాసి ఉన్న కిటికీ దగ్గర అడగండి. ఫోన్‌లో 139కి చేసినా చెప్తారు. ఒకరు చెప్పారని ఊరుకోవద్దు. టికెట్ చూసి సరిచూసుకోవాలి.

టికెట్ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. భయపడకండి. అంకెలు మనకు వచ్చు. బండి నంబరుకు అయిదు అంకెలు ఉంటాయి. తేదీ ఉంటుంది. బోగీ నంబరు, బెర్తు నంబరు ఉంటాయి. ఈ నాలుగూ పుస్తకంలో రాసుకోండి. అదే అయిదంకెల నంబరు బండి మీద కూడా ఉంటుంది. రెండూ కలిస్తే అదే మన బండి.

దారిలో డోర్నకల్, మహబూబాబాద్, వరంగల్, కాజీపేట వస్తాయి. స్టేషన్ బోర్డుల మీద తెలుగు కూడా ఉంటుంది. పిల్లలు మేలుకొని ఉంటే వాళ్లతో చదివించండి. ఎవరు ముందు చదివితే వాళ్లు గెలిచినట్లు!

4. ఖర్చు

ఇది రెండో ప్రశ్న. డబ్బులు చాలకపోతే?

ముందు టికెట్ల సంగతి. రైలులో అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు. అయిదేళ్లు నిండి పన్నెండేళ్ల లోపు ఉంటే సగం టికెట్. కాని వాళ్లకు వేరే బెర్తు కావాలంటే పూర్తి టికెట్ కొనాలి. ఈ పద్ధతి 2016 నుంచి ఉంది.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇది చెల్లుతుంది. పట్నంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా చెల్లుతుంది. ఆడపిల్లలకు కూడా ఉంది. సూపర్ లగ్జరీ బస్సులో చెల్లదు. అందుకే బస్సు మీద రాసింది చదివి ఎక్కాలి. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపాలి. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ తీసుకొని దాచుకోవాలి.

ఆ ఇంట్లో అత్తా కోడళ్లు ఇట్లా నిర్ణయించుకున్నారు. పోయేటప్పుడు శుక్రవారం రాత్రి రైలు. పిల్లలు పడుకుంటారు, అలసట ఉండదు. వచ్చేటప్పుడు ఆదివారం ఎక్స్‌ప్రెస్ బస్సు. అందులో ఖర్చు లేదు. రాత్రి ఉండటానికి చుట్టాల ఇల్లు ఉంది. వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పారు.

కోడలు లెక్క రాసింది. ఇది నేర్చుకోవడానికి రాసిన లెక్క. మీ లెక్క వేరుగా ఉంటుంది.

రైలు టికెట్లు - 600 రూపాయలు
ఆటో, ఇతర దారి ఖర్చులు - 300 రూపాయలు
జూ, మ్యూజియం టికెట్లు - 400 రూపాయలు
తిండి, పాలు - 700 రూపాయలు
పిల్లలకు బొమ్మలు - 100 రూపాయలు
ముట్టుకోకుండా దాచేది - 500 రూపాయలు
మొత్తం - 2,600 రూపాయలు

ఆఖరి 500 రూపాయలు చూశారా? అవి ఖర్చుకు కాదు. జ్వరం వచ్చినా, బస్సు తప్పినా అవి అక్కరకు వస్తాయి. వాటిని వేరే సంచిలో, అత్త దగ్గర ఉంచాలి. డబ్బంతా ఒకే చోట పెట్టకూడదు.

ఈ డబ్బు అప్పు తేలేదు. వారానికి 100 రూపాయల చొప్పున డబ్బాలో వేశారు. 26 వారాల్లో 2,600 అయ్యాయి. ఆర్నెల్లు ఆగారు గాని వడ్డీ కట్టే పని పడలేదు.

5. సంచిలో ఏం ఉండాలి?

మూడో ప్రశ్న పిల్లల ఆరోగ్యం.

కాచి చల్లార్చిన నీళ్లు పెట్టుకోండి. రాత్రికి పులిహోర గాని, చపాతీలు గాని పెట్టుకోండి. మధ్యలో తినడానికి అటుకులు, అరటిపళ్లు మంచివి. మరీ చిన్న పిల్లలకు పల్లీలు, బఠాణీలు పెట్టకండి. కదిలే బండిలో గొంతుకు అడ్డం పడతాయి. కోసి పెట్టిన పండ్లు, ఈగలు వాలిన తిండి కొనకండి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. వాంతులు, విరేచనాలు అయితే పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. కొంచెం కొంచెంగా తాగించాలి. పొట్లం లేకపోతే ఇట్లా చేయండి. లీటరు మంచినీళ్లు తీసుకోండి. అందులో అర టీ చెంచా ఉప్పు, ఆరు టీ చెంచాల చక్కెర కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. పిల్ల మగతగా ఉన్నా, తాగింది నిలవకపోయినా ఆలస్యం చేయకండి. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఇంకా ఒక పాత దుప్పటి, రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు చాలు. ఎంత సామాను ఉంటే అన్ని చేతులు కావాలి. పిల్లలను పట్టుకోవడానికి మన చేతులు ఖాళీగా ఉండాలి.

6. శనివారం: జూపార్కు

జూపార్కు అసలు పేరు నెహ్రూ జంతు ప్రదర్శనశాల. 1963 అక్టోబర్ 6న తెరిచారు. ఇది బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన ఉంది. దాదాపు 380 ఎకరాల జాగా. సోమవారం సెలవు.

380 ఎకరాలు పిల్లలు నడవలేరు. లోపల బ్యాటరీ బండి ఉంటుంది. దానికి వేరే టికెట్. పొద్దున చల్లగా ఉన్నప్పుడే పోవాలి. ప్లాస్టిక్ కవర్లు వద్దంటారు. గుడ్డ సంచి తీసుకపోవాలి.

లోపలికి పోగానే పిల్లలను అడగండి. "మీరు ఏ మూడు జంతువులను చూస్తారు?" పాప ఏనుగు అంటుంది. బాబు పులి అంటాడు. మూడోది మీరు చెప్పండి. ముందు ఆ మూడూ చూడండి. తర్వాత చూసినవన్నీ లాభమే.

ప్రతి జంతువు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. దాని పేరు, అది ఉండే చోటు, తినే తిండి రాసి ఉంటాయి. "అమ్మా, దీని పేరేంది?" అని పిల్లలు అడుగుతారు. ఇంతకు ముందు మనం "ఏమో, నాన్ననడుగు" అనేవాళ్లం. ఇప్పుడు చదివి చెప్పండి. తడబడినా ఫరవాలేదు. కూడబలుక్కొని చదవండి. అమ్మ చదువుతుంటే పిల్లలు చూడాలి.

కంచె లోపలికి చేతులు పెట్టనివ్వకండి. జంతువులకు ఏమీ పెట్టనివ్వకండి. మనం పెట్టే తిండి వాటికి జబ్బు చేస్తుంది.

7. ఆదివారం: రాకాసి బల్లి

బిర్లా మందిరం దగ్గర గుట్ట మీద సైన్సు మ్యూజియం ఉంది. అక్కడ ఒక రాకాసి బల్లి ఎముకల గూడు నిలబెట్టారు. పొడవు దాదాపు 9 మీటర్లు. మన బస్సు అంత అనుకోండి. అది ఆకులు అలములు తినే జంతువు. కోట్ల ఏళ్ల కిందట బతికింది.

దాని ఎముకలు ఎక్కడివో తెలుసా? పాత ఆదిలాబాద్ జిల్లాలో, యామన్‌పల్లి దగ్గర దొరికాయి. అది ప్రాణహిత - గోదావరి లోయ. శాస్త్రవేత్తలు ఆ జంతువుకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. కొత్తగూడెం బొగ్గు కూడా ఆ లోయలోదే. ఎప్పటిదో అడవి మట్టిలో పడి, కోట్ల ఏళ్లు నలిగి బొగ్గు అయింది. నాన్న బాయిలో తవ్వేది అదే అని పిల్లలకు చెప్పండి.

గుట్ట మీది నుంచి హుస్సేన్‌సాగర్ కనిపిస్తుంది. సాగర్ నడుమ బుద్ధ విగ్రహం ఉంది. ఒకే రాయితో చెక్కారు. ఆ రాయి భువనగిరి దగ్గర రాయగిరి నుంచి తెచ్చారు. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే విగ్రహం నీళ్లలో పడిపోయింది. ప్రాణాలు కూడా పోయాయి. మళ్లీ పైకి తీసి 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. మనం వచ్చిన రైలు దారిలోనే రాయగిరి ఉంది. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు యాదాద్రి.

వాన పడుతుంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి పోవచ్చు. అక్కడ ఒక పెద్ద గడియారం ఉంది. గంట గంటకూ అందులోంచి చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొడతాడు. పిల్లలకు భలే సరదా. ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఎక్కడికి పోయినా మధ్యాహ్నం అన్నం తినగానే బస్టాండు దారి పట్టాలి. ఎక్స్‌ప్రెస్ బస్సుకు ఆరేడు గంటలు పడుతుంది. సోమవారం పిల్లలకు బడి ఉంది.

8. పిల్ల తప్పిపోతే

ఇది నాలుగో ప్రశ్న. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

పోయే ముందే చేయవలసినవి:

అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు పేరు పిల్లలకు నేర్పండి. ఫోన్ నంబరు పాటలాగా బట్టీ పట్టించండి.

ఒక చీటీ మీద ఫోన్ నంబర్లు రెండు రాయండి. పిల్లవాడి లోపలి జేబులో పెట్టండి. పేరు పైకి కనిపించేలా రాయకండి. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు కొత్తవాళ్లను నమ్ముతారు.

ప్రతి రోజూ బయలుదేరేటప్పుడు ఫోన్‌లో పిల్లల ఫోటో తీయండి. ఏ రంగు చొక్కా వేశామో కంగారులో గుర్తుకు రాదు. ఫోటో చూపిస్తే చాలు.

ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి. "పాప అత్తమ్మది, బాబు నాది" అని పంచుకోండి. "ఆమె చూస్తుందిలే" అనుకుంటే ఇద్దరూ చూడరు.

పిల్లలకు ఇట్లా చెప్పండి: "నేను కనిపించకపోతే ఉన్నచోటనే నిలబడు. నేనే వస్తా. గట్టిగా పిలువు. పోలీసుకు గాని, పిల్లలున్న ఒక అమ్మకు గాని చెప్పు. ఎవరు పిలిచినా గేటు దాటి పోవద్దు." ఇంట్లో రెండు మూడు సార్లు ఆటలాగా ఆడించండి.

తప్పిపోతే చేయవలసినవి:

ఏడుస్తూ అన్ని వైపులా పరుగెత్తకండి. ఒకరు ఉన్నచోటనే ఉండాలి. ఇంకొకరు గేటు దగ్గరికి, టికెట్ల కిటికీ దగ్గరికి పోయి చెప్పాలి. మైకులో చెప్పించాలి. వెంటనే 112కు గాని, పిల్లల సహాయానికి 1098కి గాని ఫోన్ చేయాలి. రైలులో, స్టేషన్‌లో అయితే 139. 112, 1098 నంబర్లకు డబ్బులు పడవు. "తిడతారేమో" అని ఆలస్యం చేయకండి. మొదటి పది నిమిషాలే ముఖ్యం.

దొరికిన పిల్లను కొట్టకండి. కొడితే ఇంకోసారి భయపడి దాక్కుంటుంది. దగ్గరికి తీసుకోండి.

ఇంకో మాట. మెట్రో స్టేషన్లలో కదిలే మెట్లు ఉంటాయి. చీర కుచ్చిళ్లు, పిల్లల చెప్పులు అందులో ఇరుక్కోవచ్చు. అలవాటు లేకపోతే మామూలు మెట్లు గాని, లిఫ్టు గాని ఎక్కండి. ఇందులో సిగ్గుపడే పని లేదు.

9. బోర్డుల మీద కనిపించే మాటలు

ప్రవేశం - లోపలికి పోయే దారి
నిష్క్రమణ - బయటికి వచ్చే దారి
విచారణ - వివరాలు అడిగే చోటు
తాగునీరు - తాగే నీళ్లు
మరుగుదొడ్లు: స్త్రీలు, పురుషులు - ఏ వైపు ఎవరిదో చూసి పోవాలి
అత్యవసర ద్వారం - ఆపద వస్తే బయటపడే దారి

10. చదివారు కదా, ఇప్పుడు చేయండి

జవాబులు చెప్పండి:
కొత్తగూడెం రైలు స్టేషన్ బోర్డు మీద ఏ పేరు ఉంటుంది?
జూపార్కుకు ఏ వారం సెలవు? సాలార్‌జంగ్ మ్యూజియానికి ఏ వారం సెలవు?
ఏడేళ్ల పాపకు రైలులో వేరే బెర్తు అక్కరలేకపోతే ఎంత టికెట్?

లెక్క చేయండి:
వారానికి 50 రూపాయలు దాస్తే 2,600 రూపాయలకు ఎన్ని వారాలు పడుతుంది?
రైలు టికెట్లు 600కు బదులు 750 అయితే మొత్తం ఎంత అవుతుంది?

రాయండి:
మీ పిల్లల జేబులో పెట్టే చీటీ ఇప్పుడే రాయండి. పక్కింటి చెల్లెలి చేత చదివించండి. ఆమె తప్పు లేకుండా చదివితే మీరు బాగా రాసినట్లే.

మాట్లాడుకోండి:
ప్రయాణమంటే మీ ఇంట్లో ఎవరికి ఏ భయాలున్నాయి? అత్త చెప్పినట్లు వాళ్లను చెప్పనివ్వండి. కోడలు రాసినట్లు మీరు రాయండి. ఒక్కొక్క భయం పక్కన దాని జవాబు రాసుకోండి. జవాబులన్నీ దొరికాక మంచి రోజు చూసుకొని బయలుదేరండి.